కోడికి రాయి, బాతుకి సున్నం

నేను డాక్టర్ని కాను. ముప్పై మూడేళ్ళు పల్నాడులో పశువైద్య సహాయకురాలిగా పనిచేశాను. ఊళ్ళలో ‘డాక్టరమ్మా’ అని పిలిచేవాళ్ళు. ఆఫీసులో మాత్రం నా వెనక ‘కోళ్ళావిడ’ అనేవాళ్ళు. అది వెక్కిరింపని తెలుసు. అయినా ఆ పేరు నాకు నచ్చింది.

మా శాఖలో గౌరవమంతా గేదెలకీ ఎద్దులకీ గొర్రెలకీ. పెరట్లో తిరిగే పది కోళ్ళనీ, నాలుగు బాతుల్నీ పశువుల లెక్కలోకి తీసుకునేవాళ్ళు తక్కువ. కారణం పైకి చెప్పరు కానీ నేను చెబుతాను. వాటిని పెంచేది ఆడవాళ్ళు. గేదెకి జ్వరమొస్తే మగాడు ఆసుపత్రికి పరిగెత్తుకొస్తాడు. కోడి ముడుచుకుని కూర్చుంటే ఆడమనిషి వస్తుంది, ఆమెని బయట నిలబెడతారు. ఈ మాట ఉద్యోగంలో ఉండగానే చాలాసార్లు అన్నాను, అన్నందుకు పడాల్సినవి పడ్డాను. ఇప్పుడు నన్ను బదిలీ చేసేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇంకాస్త గట్టిగా అంటున్నాను.

ఇది గ్రామాల్లో పశుసంవర్ధక సహాయకులుగా కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. రిజిస్టర్లు ఎలా నింపాలో మీకు ఎవరైనా నేర్పుతారు. నేను రెండు సంగతులే చెబుతాను. ఒకదాంట్లో నేను గెలిచాను. రెండోదాంట్లో నా మూలంగా పదకొండు ప్రాణాలు పోయాయి.

రమణమ్మ కోళ్ళు

నూజెండ్ల వైపు ఒక ఊరు. మిరప కళ్ళాల కాలం. కోసిన కాయని ఊరి చుట్టూ ఎర్రగా పరిచి ఎండబెడతారు. ఆ రోజుల్లో కోడి గడప దాటిందంటే తగాదా. కాళ్ళతో కాయని చెదరగొడుతుంది, రెట్ట వేస్తుంది. అందుకని కళ్ళాలు ఎత్తేదాకా కోళ్ళన్నిటినీ లోపలే పెడతారు.

రమణమ్మ భర్త లారీ డ్రైవరు. నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆమె ఆ ఏడు ప్రభుత్వ పథకంలో వచ్చిన రంగు కోళ్ళని ముప్పై తీసుకుంది. ముందునుంచీ ఎనిమిది నాటుకోళ్ళున్నాయి. అన్నిటినీ సిమెంటు చేసిన పెరట్లో వల కట్టి ఒకే చోట పెట్టింది. మొక్కజొన్న గింజలు వేసేది, నీళ్ళు పెట్టేది, రోజూ పొద్దున్నే నేల కడిగేది. అంత శుభ్రంగా కోళ్ళని పెట్టుకున్న ఇల్లు ఆ మండలంలో నేను చూడలేదు.

మూడో వారానికి రంగు కోళ్ళు చావడం మొదలైంది. రెక్కలు వాల్చి ముడుచుకుంటాయి. గొంతు కింద మేత సంచి గట్టిగా ఉబ్బి ఉంటుంది, రొమ్ము ఎముక కత్తిలా తేలుతుంది. రమణమ్మ ఫోను చేసింది. నేను మా పెద్దసారుకి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “కొక్కెర తెగులు. మిగతావన్నీ పూడ్పించు. రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపు” అన్నాడు. అదే మాట ఊరి ప్రెసిడెంటుకి కూడా ఫోనులో చెప్పాడు.

నేను వెళ్ళేసరికి ప్రెసిడెంటు మనుషులు గోతాలు పట్టుకుని గుమ్మం ముందున్నారు. వీధిలో ఆడవాళ్ళంతా గుమిగూడారు. రమణమ్మ తెచ్చిన తెగులు తమ కోళ్ళకీ అంటుకుంటుందని వాళ్ళ భయం. రమణమ్మ వల తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది.

“అమ్మా సుశీలమ్మా, నువ్వన్నా చెప్పు. తెగులైతే నాటుకోళ్ళకి రాదా? ఇయ్యిగో, ఎనిమిదికి ఎనిమిదీ నిమ్మళంగా తిరగతన్నయ్. ఒకే నీళ్ళు తాగతన్నయ్, ఒకే గింజ తింటన్నయ్” అంది.

ఆ ఒక్క మాటతో నాకు కాళ్ళ కింద నేల గట్టిపడింది. లోపలికెళ్ళి చూశాను. కొక్కెర తెగులుకి ఉండే పచ్చ పారుడు లేదు, మెడలు తిప్పడం లేదు, గురక లేదు. చచ్చిన కోడిని చేత్తో పట్టుకుని ప్రెసిడెంటు ముందు నిలబడ్డాను.

“ఏందమ్మా నువ్వు అడ్డం? మీ సారే చెప్పాడు కొక్కెరని. రేపు ఊళ్ళో కోళ్ళన్నీ పోతే ఎవరు జవాబు చెప్పాల?” అన్నాడాయన.

“సారు కోడిని చూడలేదు బాబాయ్. నేను చూస్తన్నా. కోసి చూసిందాకా ఒక్క కోడి కూడా ఈ గుమ్మం దాటదు” అన్నాను.

పెద్దసారుకి ఫోను చేశాను. “సుశీలా, కోసి చూడటం డాక్టరు పని. నీ పని నేను చెప్పింది రాయడం” అన్నాడు. “అయితే మీరే రండి సార్. మీరు వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను. చూడని దానికి నేను సంతకం పెట్టను” అన్నాను. నా గొంతు వణికింది. ధైర్యం అంటే వణక్కపోవడం అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

గంటన్నరకి జీపు వచ్చింది. ఆయన మొహం మిరప కళ్ళంలా ఉంది. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, “సరే, కొయ్యి” అన్నాడు. గోతం పరిచి, చేతులకి తొడుగులు వేసుకుని కోశాను. పేగుల్లో గానీ లోపలి పొట్టలో గానీ తెగులు చూపించే రక్తపు చుక్కలు లేవు. కందనకాయ రాయిలా ఉంది. చీల్చితే లోపల నలగని మొక్కజొన్న గింజలు, వాటికి ప్లాస్టిక్ గోతం దారాలు చుట్టుకుని ఒకటే ఉండ. వెతికినా ఒక్క ఇసుక రేణువు లేదు.

“నాటుకోళ్ళు మొండివి. అందుకే తట్టుకున్నాయి” అన్నాడు పెద్దసారు.

అప్పుడు రమణమ్మ ఎవరూ అడక్కుండానే వలలోకి వెళ్ళి ఒక నాటుపెట్టని పట్టుకొచ్చింది. గుడ్లకొచ్చిన పెట్ట. “ఇది పోయినా పర్లేదు. మిగతాయి ఉంటయ్” అని తనే కోసి నా చేతిలో పెట్టింది. దాని కందనకాయ చీల్చి నీళ్ళతో కడిగి అరచేతిలో పోశాను. నున్నగా అరిగిన గులకరాళ్ళు. జొన్న గింజంతవి, పెసర గింజంతవి, పిడికెడు.

“ఇదేంది, కోడి రాళ్ళు తింటదా?” అన్నాడు ప్రెసిడెంటు.

జనంలోంచి ఒక ముసలామె అందుకుంది. “పుట్టినకాణ్ణించీ కోడికూర తింటన్నావ్, ఏనాడన్నా కందనకాయ శుభ్రం చేశావంట్రా? మీ ఆవిణ్ణి అడుగు, చెప్తది.”

ఆడవాళ్ళు నవ్వారు. ప్రెసిడెంటూ నవ్వాల్సి వచ్చింది. గోతాలు మడిచి వెళ్ళిపోయారు.

సంగతి ఇదీ. రంగు కోళ్ళు పిల్లలుగా ఉన్నప్పటినుంచీ షెడ్డులో పిండి మేత తిన్నాయి. పిండికి రాయి అక్కర్లేదు. అక్కణ్ణుంచి నేరుగా రమణమ్మ సిమెంటు నేల మీదకి వచ్చి గట్టి గింజ తిన్నాయి. కోడికి పళ్ళుండవు. కందనకాయలో రాళ్ళే దాని పళ్ళు. నాటుకోళ్ళు వలలోకి రాకముందే వీధుల్లో ఏరుకున్న రాళ్ళు ఇంకా కడుపులో ఉన్నాయి కాబట్టి బతికాయి. ఆమె శుభ్రమే ఆమె కోళ్ళని చంపింది. మట్టి నేల ఉన్న బద్ధకస్తురాలి ఇంట్లో ఇది జరిగేది కాదు.

దగ్గర్లో క్రషర్ నుంచి నల్లరాయి చిప్స్ తెప్పించి, జల్లెడ పట్టి, జొన్న గింజంత ముక్కలు ఏరి, కడిగి పెట్టాం. మొదటి రోజుల్లో పిడికెడే. ఆకలిగొన్నవి ఒక్కసారే రాళ్ళతో కడుపు నింపుకుంటే మళ్ళీ అదే అడ్డం పడుతుంది. మొక్కజొన్నని నూకగా విసిరించాం. అప్పటికే బిగుసుకుపోయినవి బతకవని ముందే చెప్పాను. మరో ఐదు పోయాయి. మిగిలినవన్నీ నిలబడి, కళ్ళాలు ఎత్తేసరికి వీధిలోకి వచ్చాయి.

పెద్దసారు చెడ్డవాడు కాదు

ఆయన రిపోర్టులో ‘మేత లోపం’ అని రాసుకున్నాడు. రమణమ్మకి ఆయన గానీ, ప్రెసిడెంటు గానీ, గుమ్మం ముందు నిలబడి శాపనార్థాలు పెట్టినవాళ్ళు గానీ తప్పయిందని ఒక్క మాట చెప్పలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే నన్ను గురజాల వైపు బదిలీ చేశారు. హద్దు మీరానని కారణం. మీరాను. ఈరోజు మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబెట్టినా మీరుతాను.

అయినా ఆయన చెడ్డవాడని నేను అనను. ఒకప్పుడు మంచి డాక్టరేనని అందరూ అనేవాళ్ళు. కానీ ఎన్నో ఏళ్ళుగా ఆయన ఒక్క పిట్టనీ చేత్తో తాకలేదు. తాకడం మానేసినవాడికి ప్రతి చావూ తెగులుగానే కనబడుతుంది. మీరు ఎంత పైకెళ్ళినా వారానికి ఒక్క కోడినైనా ఎత్తి రొమ్ము తడిమి చూడండి. అది మానేసిన రోజునుంచి మీరు చెప్పేదంతా ఊహే.

ఇంకొకటి. రాయీ కాల్షియమూ ఒకటి కాదు. మా ఆఫీసులోనే సగం మందికి ఈ తేడా తెలీదు. నల్లరాయి, వాగు గులకరాయి కందనకాయలో కరగవు, గింజని నలుపుతాయి. కానీ గుడ్డుకి పెంకు కట్టలేవు. సున్నపురాయి ముక్క, నత్తగుల్ల, గుడ్డు పెంకు కరుగుతాయి, పెంకు కడతాయి. కానీ కరిగిపోతాయి కాబట్టి పళ్ళ పని ఎక్కువ రోజులు చేయలేవు. తేడా తెలియకపోతే రాయి మీద నిమ్మకాయ పిండండి. నురుగొస్తే సున్నపురాయి. రెండిటినీ మేతలో కలపకుండా వేరువేరు చిప్పల్లో పెడితే ఏది ఎంత కావాలో పిట్టే తీసుకుంటుంది. గుడ్డు పెంకులు పెడితే కోడి గుడ్లు తినడం నేర్చుకుంటుందని భయపెట్టేవాళ్ళున్నారు. పెంకుని వేయించి, గుడ్డని గుర్తుపట్టలేనంతగా నలిపి పెడితే ఏ కోడీ నేర్చుకోదు. రంగు సీసాల్లో టానిక్కులు అమ్మేవాళ్ళు నా బల్ల మీద డైరీలూ పెన్నులూ పెట్టి వెళ్ళేవాళ్ళు. వెనక్కిచ్చేసేదాన్ని. మన పల్నాడంతా సున్నపురాయి మీద కూర్చుని ఉంది. ఇక్కడి ఆడమనిషి చేత కాల్షియం సీసా కొనిపించడానికి సిగ్గుండాలి.

ఇలా మాట్లాడటం నాకు బాగా అలవాటైపోయింది. అక్కడే దెబ్బ తిన్నాను.

స్కూటీ ఆపకుండా చెప్పిన మాట

గురజాల వైపు నేను తిరిగిన ఊళ్ళలో కోటేశ్వరమ్మ అని ఒకామె పన్నెండు బాతుల్ని పెంచేది. భర్త కోటయ్య సున్నపు బట్టీలో పని. మొలల జబ్బుకి బాతుగుడ్డు మంచిదని నాలుగైదు ఊళ్ళనుంచి ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ ఏడు చెరువు ముందే ఎండిపోయింది. బాతులు నత్తలు లేక ఇంటి దగ్గరే తౌడు తింటున్నాయి. తోలుగుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పెంకు కట్టని, చేత్తో పట్టుకుంటే జావలా జారే గుడ్లు.

ఒకరోజు నేను వేరే ఊరికి వెళుతుంటే దారిలో చెయ్యెత్తింది. “అక్కా, బాతులన్నీ తోలుగుడ్లు పెడతన్నయ్. ఏం చెయ్యను?”

నేను స్కూటీ ఆపలేదు. కాస్త నెమ్మది చేసి, “సున్నం చాల్లేదు కోటేశ్వరమ్మా. సున్నం పెట్టు” అని వెళ్ళిపోయాను. నా మనసులో ఉన్నది సున్నపురాయి ముక్కలు, నత్తగుల్లలు. నా నోట్లోంచి వచ్చింది సున్నం.

కోటయ్య గోడలకి వెయ్యడానికని బట్టీనుంచి కాల్చిన సున్నం తెచ్చిపెట్టాడు. ఆమె దాన్ని దంచి తడి తౌడులో కలిపి పెట్టింది. బాతు మేత నోట్లో పెట్టుకున్న వెంటనే నీళ్ళ కోసం పోతుంది. కాల్చిన సున్నానికి నీళ్ళు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. నేను వెళ్ళేసరికి తొమ్మిది చచ్చి పడున్నాయి. మూడు బతికున్నాయి. నోళ్ళు తెరుచుకుని, నాలుకలు పొక్కి, నీళ్ళ తొట్టి చుట్టూ తిరుగుతున్నాయి కానీ తాగలేకపోతున్నాయి.

కోటేశ్వరమ్మ ఏడవలేదు, తిట్టలేదు. “నువ్వు చెప్పిందే చేశానక్కా” అంది.

ఆ మూడిటి నోళ్ళు చల్లటి నీళ్ళతో కడిగి, చేయగలిగింది చేసి, వచ్చేశాను.

అక్కడి డాక్టరు వయసులో నాకన్నా చిన్నవాడు, మంచివాడు. జరిగింది విని, “మేడం, మీరు సున్నపురాయి అన్నారు. ఆవిడ సున్నం అని విన్నది. అంతే. ఎవరడిగినా ఇదే చెప్పండి” అన్నాడు. నా మీద జాలితోనే అన్నాడు. రెండు రోజులు ఆ మాట నాకు చాలా హాయిగా ఉంది. నిజంగా రాయి అన్నానేమో అని కూడా అనిపించింది. మనసు అంత పని చేస్తుంది. తెలుసుకోండి.

మూడో రోజు

మూడో రోజు ఆ ఊళ్ళో పొదుపు సంఘం సమావేశం ఉంది. వెళ్ళొద్దని డాక్టరు అన్నాడు. “ఒప్పుకుంటే శాఖ పరువు పోతుంది మేడం” అన్నాడు. “శాఖ పరువు నేను చూసుకుంటాను. ముందు నా మొహం నేను చూసుకోవాలి” అన్నాను.

ఇరవై మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. నేను నిలబడి చెప్పాను. “సున్నపురాయి అనాల్సింది పోయి సున్నం అన్నాను. బండి కూడా ఆపలేదు. కోటేశ్వరమ్మ తప్పుగా వినలేదు, నేనే తప్పుగా చెప్పాను. ఆ బాతులు నా మూలంగానే చచ్చిపోయాయి.”

కోటయ్య వాకిట్లో నిలబడి వింటున్నాడు. “ఇప్పుడు చెప్తే ఏంది? లేస్తయ్యా?” అన్నాడు.

“లేవు కోటయ్యా.”

“మరెందుకు చెప్పటం?”

అప్పుడు కోటేశ్వరమ్మ లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె అన్న మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

“అక్కా, సున్నానికీ సున్నపురాయికీ తేడా నాకు తెలవదనుకుంటన్నావా? ఈయన ఇన్నేళ్ళుగా ఆ బట్టీ కాడే కాలతన్నాడు. ఈయన కాళ్ళకి బొబ్బలొస్తే మందు రాసేది నేనే. అది నోరు కాలుస్తదని నాకు తెలుసు. కలిపేటప్పుడు చెయ్యి మండింది కూడా. అయినా, సదువుకున్నది, గవర్నమెంటామె చెప్పింది గదా, నాకేం తెలుసు అనుకుని పెట్టా.”

నా ముప్పై మూడేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో పెద్దది ఆ చాప మీదే నేర్చుకున్నాను. ఆమెకి తెలియక జరిగింది కాదు అది. ఆమెకి తెలిసినదాని నోరు నా హోదా నొక్కేసింది. మనం తప్పు చెబితే వాళ్ళు సరిదిద్దుకుంటారులే అనుకోకండి. సరిదిద్దుకోరు. తమ చెయ్యి మండుతున్నా మన మాటే వింటారు. అందుకే మన మాటకి అంత భయపడాలి.

కొత్త బాతులు

ఆ మూడిట్లో ఒకటే బతికింది. వరి కోతలయ్యాక కాలవ కింద పొలాల్లోకి బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి పది పిల్లల్ని అడిగి తెచ్చి కోటేశ్వరమ్మ ఇంట్లో దింపాను. కోటయ్య గంపలోకి వంగి చూసి, నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.

మేత దుకాణంవాడు వాటికని కోటేశ్వరమ్మకి గుడ్ల కోళ్ళ మేత కట్టి ఇచ్చాడు. తిరిగి ఇచ్చేయమన్నాను. కోటేశ్వరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏం? ఎందుకొద్దు? తెలిసే చెప్తన్నావా, సున్నం లాగానా?”

మంచి ప్రశ్న. వాకిట్లో కూర్చుని పూర్తిగా చెప్పాను. గుడ్లు పెట్టేవాటి మేతలో కాల్షియం ఎక్కువ ఉంటుందని, ఎదిగే పిల్లకి అంత అక్కర్లేదని, ఎక్కువైతే మూత్రపిండాలు పాడై కాళ్ళు పడిపోతాయని, గుడ్లకి వచ్చాకే గుల్లలు పెట్టాలని. ఆమె ఒక్కొక్కటీ మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కారణం చెప్పకుండా నేను ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. వస్తువుని చేత్తో చూపించకుండా పేరు పలకలేదు. బండి ఆపకుండా మాట్లాడలేదు.

ఆమె కూడా నాకు నేర్పింది. బాతుకి గులకరాయి కన్నా ముతక వాగు ఇసుక ఇష్టం. చిప్పని నీళ్ళ తొట్టికి దగ్గర్లో పెట్టాలి. తొట్టిలో బాతు ముక్కు పూర్తిగా మునిగేంత లోతుండాలి, లేకపోతే ముక్కురంధ్రాలు పూడిపోతాయి. చెరువు గట్టున ఎండిన నత్తగుల్లల్ని ఏరుకొచ్చి రోట్లో దంచి పెట్టేది. మరుసటి ఏడు ఆమె బాతులు పెట్టిన గుడ్డుని బల్ల మీద కొడితే చప్పుడయ్యేది.

ఆ ఏడే జిల్లానుంచి ఒక అధికారి వచ్చి ఆ ఊళ్ళో శిక్షణ పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళంతా వచ్చారు. బాతుల గురించి నన్ను మాట్లాడమన్నాడు. నేను లేవబోతుంటే కోటేశ్వరమ్మ ముందే లేచింది.

“ఈ మేడం మాట విని నా బాతులు పదకొండు చచ్చినయ్” అని మొదలుపెట్టింది.

అధికారి మొహం మాడిపోయింది. నా వైపు వంగి, “ఏమిటిది? ఆవిణ్ణి కూర్చోబెట్టండి” అన్నాడు.

“నిజమే సార్. మాట్లాడనివ్వండి” అన్నాను.

“ఇదే సభలో?”

“ఇదే సభలో. ఈమెని కూర్చోబెడితే నేనూ బయటికి పోతాను.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోటేశ్వరమ్మ కొంగులోంచి రెండు రాళ్ళు తీసి, ఒక ఇనప పళ్ళెంలో పక్కపక్కనే పెట్టింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. చెంబుతో రెండిటి మీదా నీళ్ళు పోసింది. ఒకటి తడిసి ఊరుకుంది. రెండోది కాసేపటికి చిటపటమని పగిలి, ఆవిరి కక్కుతూ, పిండిలా విచ్చుకుపోయింది. ముందు వరుసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు.

“ఇది గోడకి,” అంది ఆమె, పొగలొచ్చేదాన్ని చూపించి. తడిసిన రాయిని చేతిలోకి తీసుకుని ఎత్తి పట్టింది. “నలక్కొట్టి పెడితే ఇది బాతుకి. మేడం చెప్పినా, ఈ సారు చెప్పినా, ముందు నీళ్ళు పోసి చూడండి.”

నేను నా కుర్చీలోనే కూర్చుండిపోయాను. చెప్పడానికి నాకింకేమీ మిగల్లేదు.